వీపు పక్క సత్తెం

ఒంటిగుండుపల్లి ఆంజనేయస్వామికి ఒకే కన్ను. అంటే రెండోది లేదని కాదు. ఏ కాలపు శిల్పో గాని స్వామిని రాతిపలక మీద పక్కవాటుగా చెక్కాడు. ముఖం దక్షిణానికి తిరిగి ఉంటుంది, తోక తల మీదుగా వంగి ఉంటుంది, ఒక పాదం అడుగు వేయబోతున్నట్టు లేచి ఉంటుంది. పక్కవాటు బొమ్మకు ఒక కన్నే కనపడుతుంది, ఇందులో విశేషమేమీ లేదు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఇట్లాంటి ఆంజనేయులు చాలామంది ఉన్నారు. మిగతా ఊళ్లవాళ్లు దండం పెట్టుకుని ఊరుకున్నారు. ఒంటిగుండుపల్లి వాళ్లు మాత్రం లెక్క వేసుకున్నారు.

స్వామి దక్షిణం వైపు చూస్తున్నాడు కాబట్టి గుడికి దక్షిణాన జరిగేదంతా ఆయన కంట పడుతుంది, ఉత్తరాన జరిగేది పడదు. అదీ లెక్క. అందుకే దక్షిణం ‘కంటి పక్క’, ఉత్తరం ‘వీపు పక్క’. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పూజారీ చెప్పలేదు. అయినా పాలు తాగే పిల్లల నుంచి పళ్లూడిన ముసలివాళ్ల దాకా ఊళ్లో అది తెలియనివాళ్లు లేరు. తెలుసని ఒప్పుకున్నవాళ్లూ లేరు.

ఊరు పెరిగింది కూడా ఆ లెక్క ప్రకారమే. బడి కంటి పక్క, అంగన్‌వాడీ కంటి పక్క. బెల్టుషాపు, పేకాట అరుగు, చౌకడిపో వీపు పక్క. పాల కేంద్రం మొదట్లో కంటి పక్కే పెట్టారు గాని గిట్టుబాటు కావడం లేదని మూడు నెలలకే ఇటు మార్చారు. మార్చిన వారానికే బర్రెలు ఎక్కువ పాలిచ్చాయి. ఇక ఎలక్షన్లప్పుడు రెండు పార్టీలవాళ్లూ ఓటర్లను గుడికి పిలిచి సత్తెం చేయించుకునేవాళ్లు. ఓటర్లు భక్తిగా వచ్చి, ఒక అడుగు ఉత్తరానికి జరిగి నిలబడి, ఇద్దరికీ చేసేవాళ్లు.

సత్తెం అంటే ఆ సీమలో దేవుని ముందు ప్రమాణం. అరచేతిలో తమలపాకు పెట్టుకుని, దాని మీద కర్పూరం వెలిగించి, చెప్పాల్సింది చెప్పి, రెండో చేత్తో చప్పున ఆర్పేయాలి. ఆర్పిన తర్వాత ఎవరూ ఎదురు మాట్లాడకూడదు. కోర్టు కన్నా త్వరగా తేలిపోతుంది, లాయరుతో పని లేదు.

ఊరి పెద్ద విష్ణువర్ధన్ మేడ వీపు పక్కనే ఉంది. వాళ్ల తాత కాలం నుంచి భూములు, నాయన ఎర్రన్న కాలం నుంచి రాజకీయం, తన కాలం నుంచి కాంట్రాక్టులు. ఊళ్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా “అన్న చూసుకుంటాడులే” అనేవాళ్లు. పింఛన్ ఆగిపోయిందా, అన్న చూసుకుంటాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందా, అన్న చూసుకుంటాడు. అన్న చూసే మాట నిజమే. వరండాలో కుర్చీ వేసుకుని, సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని, వచ్చినవాళ్లను పైనుంచి కింది దాకా చూసేవాడు. చాలామంది పని ఆ చూపుతోనే అయిపోయేది.

ఆ వరండా మెట్ల దగ్గర ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాడు ఓబుళేసు. జీపు నడుపుతాడు, గేటు తీస్తాడు, వచ్చినవాళ్లకు కాఫీ అందిస్తాడు. ఇవన్నీ పై పనులు, అతని అసలు ఉద్యోగం సాక్ష్యం. ఏ గట్టు తగాదాలోనైనా, ఏ కొట్లాటలోనైనా అన్న తరఫున చూసినవాడు ఒకడు కావాలి. ఆ ఒకడు ఓబుళేసు. ఒకే పూట రెండు ఊళ్లలో జరిగిన రెండు కొట్లాటలను కళ్లారా చూసినవాడు జిల్లాలో అతడొక్కడే ఉంటాడు. జనం అతణ్ణి ‘సాచ్చి ఓబుళేసు’ అనేవాళ్లు. వీపు పక్క నిలబడి ఇప్పటికి పద్నాలుగు సత్తేలు చేశాడు. ఒక్కసారీ చెయ్యి కాలలేదు.

ఇది విని ఓబుళేసు దేవుణ్ణి నమ్మనివాడనుకుంటే పొరపాటు. నమ్మనివాడికి వీపు పక్కతో ఏం పని? ఊళ్లో అందరికన్నా గట్టిగా నమ్మినవాడు అతడే. ఆ ఒక్క కన్నంటే అతనికి ప్రాణభయం. దక్షిణ వీధిలో పడి నడిస్తే బస్సు ఆగే చోటు రెండు నిమిషాలు. అతడు కంపచెట్ల వెంబడి చుట్టు తిరిగి పావుగంట నడిచేవాడు. ఏడాది కిందట భార్య యశోదమ్మకు అనంతపురంలో పెద్ద ఆపరేషనైంది. ఊళ్లో అందరూ ఆమె కోసం మొక్కుకున్నారు. మొగుడొక్కడే మొక్కుకోలేదు. పిలిస్తే స్వామి ఎక్కడ తనవైపు తిరిగి చూస్తాడోనని, ఆసుపత్రి మెట్ల మీద నోరు కట్టుకుని కూర్చున్నాడు. దేవుడు చూడకుంటే చాలునని బతికేవాడు, దేవుడా చూడు అని ఏ నోటితో అడుగుతాడు? ఆ రోజు అతడు పడిన ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

ఈ మధ్య ఊరికి కరెంటు తీసే గాలిఫ్యాన్ల కంపెనీ వచ్చింది. వీపు పక్క మిట్ట మీద గాలి తప్ప మరేదీ సరిగా పండదు. తరతరాలుగా జనం ఆ గాలిని తిట్టుకుంటూనే వేరుశనగ వేస్తున్నారు. ఆ గాలే తమకు కావాలని కంపెనీవాళ్లు అనేసరికి విష్ణువర్ధన్ ఆ మిట్టను మొదటిసారి ప్రేమగా చూశాడు. అయితే గాలిని కొలిచే కంపెనీ యంత్రం ఎటు తిప్పినా ఒకే చోట ఆగింది. అది హనుమక్క చేను.

హనుమక్క గొర్రెల కాపరి. మొగుడు నల్లప్ప పోయి ఎనిమిదేళ్లయింది. ముప్పై గొర్రెలు, రెండున్నర ఎకరాల మిట్ట చేను, ఆ చేను గట్టునే గుడిసె. అంతకు మించి ఆమెకు ఏమీ లేదు. చేను పోతే గొర్రెలను మళ్లేయడానికి అడుగు నేల కూడా ఉండదు. ఇస్తావా అని మనిషిని పంపితే, “ఇయ్యను” అని ఒక్క మాట చెప్పి గొర్రెల వెంట పోయింది.

దాంతో ఒక మార్పిడి బయటికి వచ్చింది. నల్లప్ప బతికున్న రోజుల్లో మిట్ట చేను ఎర్రన్నకు ఇచ్చి, బదులుగా వంక అవతల రాళ్ల చేను తీసుకున్నాడట. అంతా నోటిమాటగా జరిగిందట. ఇచ్చినవాడూ లేడు, పుచ్చుకున్నవాడూ లేడు. నిజానికి ఆ మార్పిడి పోయిన సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, కాఫీలు తాగుతుండగా, అన్న వరండాలో పుట్టింది. పుట్టినప్పుడు ఓబుళేసు లోటా పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఆ లెక్కన అతణ్ణి సాక్షి అనడంలో తప్పు లేదు.

బేస్తవారం పంచాయితీ పెట్టారు. హనుమక్క ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

“ఓబుళేసు చూసినాడంటాండారు గదా. సత్తెం చేయమనండి. చేస్తే నేను గొర్రెల్ని తోలుకొని దిగిపోతా,” అంది.

“శనివారం పొద్దున పెట్టుకుందాం. ఎండలు ముదిరినాయి, వీపు పక్కయితే నీడుంటాది. షామియానా నేను ఏయిస్తా,” అన్నాడు విష్ణువర్ధన్ దయగా.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడైనా ఆమె కంటి పక్క అడుగుతుందని ఎదురుచూశారు. హనుమక్క చెంగు దులుపుకుని లేచింది. “యా పక్కయితే ఏముందప్పా,” అని వెళ్లిపోయింది.

ఆ మాట ఓబుళేసు గుండెలో ముల్లులా దిగింది. పద్నాలుగు సార్లలో అవతలివాళ్లు ఎప్పుడూ ఎంతో కొంత పోట్లాడారు, తిట్టారు, మన్ను ఎత్తిపోశారు. ఈమె నమ్మకంగా వచ్చి మెడ పెట్టింది. ఇంటికి పోయి యశోదమ్మతో చెప్తే ఆమె కంచం ముందుకు తోసి, “అన్నం తినేది వాళ్లది, ఏం చేస్తావు? అన్న చూసుకుంటాడులే,” అంది. అని తను మాత్రం తినకుండా లేచిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం అతడు మిట్టకు పోయాడు. వాన పడి నెల దాటింది. వేరుశనగ చెట్లు ఆకులు ముడుచుకుని నేలకు అంటుకుపోయాయి. తుమ్మచెట్టు కింద హనుమక్క ముద్ద తిని చెయ్యి కడుగుకుంటోంది.

“అక్కా, రేపు కంటి పక్కన చేయమని అడుగు,” అన్నాడు ఓబుళేసు, నిలబడే. “నువ్వు ఆ మాట అంటే నేను రాను. జరం వచ్చిందని పండుకుంటా. నీ చేను నీకుంటాది.”

“అంటే నువ్వు చెప్పబోయేది అబద్ధమని నువ్వే ఒప్పుకుంటాండావు గదప్పా.”

“ఒప్పుకుంటాండా. అందుకే గదా వచ్చినా.”

“మరి అబద్ధం యా పక్కయితే ఏమి, చెప్పనని చెప్పరాదా?”

“అన్న ఊరుకోడక్కా. నువ్వు అడిగితే నా తప్పుండదు.” అతనికి కోపం కూడా వచ్చింది. “నీకు భయం లేదా? నీ చేను, నీ గుడిసె, అంతా వీపు పక్కే. స్వామి కంటికి కనపడకుండా ఇన్నేండ్లు ఎట్ల బతికినావు?”

 హనుమక్క పొద్దు వాలుతోందని లేచి కర్ర తీసుకుంది. “వస్తే రా, మాట్లాడుకుంటా పోదాం. ఎనక నడువు,” అని మంద ముందు నడవసాగింది. గొర్రెలు ఆమె వెనక, గొర్రెల వెనక ఓబుళేసు. దుమ్ములో అతనికి ఆమె వీపు తప్ప ఏమీ కనపడడం లేదు. పావు మైలు నడిచాక, తల తిప్పకుండానే ఆమె కేక వేసింది.

“ఓబుళేసూ, కుంటిది ఆగిపోయింది చూడప్పా. కంప తగులుకున్నట్టుండాది, ఇడిపించు.”

ఓబుళేసు వెనక్కి తిరిగి చూశాడు. నిజమే. తనకన్నా ఇరవై అడుగుల వెనక ఒక కుంటి గొర్రె ఉన్ని కంపకు చిక్కుకుని నిలబడిపోయింది. దాని పక్కగానే దాటి వచ్చినా తనకు తెలియలేదు. దాన్ని విడిపించి ఎత్తుకొచ్చి, రొప్పుతూ అడిగాడు.

“నీకెట్ల తెలిసిందక్కా? నువ్వు తిరిగి చూడకపోతివే.”

“దాని మెళ్లో గంట ఆగిపోలేదా? ముప్పై గొర్రెలకు ముప్పై సద్దులు. ఒకటి తక్కువైతే నాకు తెలీదా?” ఆమె నడుస్తూనే అంది. “స్వామి కాలెత్తి నిలబడుకోలేదప్పా, నడుస్తాండాడు. ముందర నడిచేటోని వీపే గదా మందకు కనపడేది. మనకు ఆయన వీపు కనపడిందంటే మనం ఆయన ఎనకాల ఉండామని. ఆయనకు తెలీదని కాదు. చూసేదానికి కన్ను కావల్ల. చూసుకునేదానికి కన్నే కావల్నా?”

ఓబుళేసు మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఆమె చెప్పింది నిజమైతే ఆయన పద్నాలుగు సత్తేలూ విన్నాడన్నమాట. పద్నాలుగూ! మిట్ట నేల మీద అతడు కూలబడ్డాడు. ఆ భయంలోనే ఇంకో సంగతి తట్టింది. అన్నీ విని కూడా ఆయన తన చెయ్యి కాల్చలేదు. తను నోరు కట్టుకుని కూర్చున్న రోజు కూడా యశోదమ్మ మంచం మీదినుంచి లేచి ఇంటికొచ్చింది. మొక్కనివాడి పెళ్లాన్ని కూడా చూసుకున్నాడు. ఇరవై రెండేళ్లు తను ఎవరి నుంచి దాక్కున్నాడో, ఆయన వెనకాలే ఇన్నాళ్లూ నడుస్తున్నాడు. ఓబుళేసు కుంటి గొర్రె మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. హనుమక్క చూడనట్టు ముందుకు పోయింది.

శనివారం పొద్దున షామియానా కింద ఊరంతా ఉంది. తిరునాళ్లకు వచ్చినట్టు పిల్లాపాపలతో వచ్చారు. విష్ణువర్ధన్ మైకు కూడా పెట్టించాడు, కంపెనీవాళ్లకు రికార్డు కావాలట. పూజారి తిప్పేస్వామి ఓబుళేసు అరచేతిలో తమలపాకు పెట్టి, దాని మీద కర్పూరం పెట్టాడు. ఇట్లాంటి సత్తేలు చాలా చేయించినవాడు కాబట్టి అగ్గిపుల్ల గీసి అతని రెండో చేతికిచ్చి, అలవాటు ప్రకారం దక్షిణం వైపు తిరిగి గోడను చూస్తూ నిలబడ్డాడు.

“ఏం భయపడొద్దు, నేను చూసుకుంటా,” అన్నాడు విష్ణువర్ధన్ చెవి దగ్గర.

కర్పూరం అంటుకుంది. ఆకు కింద చెయ్యి వెచ్చబడింది. ఓబుళేసు మైకు దగ్గరికి జరిగాడు. 

“నల్లప్ప చేను మార్చుకోలేదు. ఆ మాట పోయిన సోమవారం అన్న వరండాలో పుట్టింది. కాఫీలు నేనే ఇచ్చినా. హనుమక్క చేను హనుమక్కదే. స్వామి సాచ్చి.”

చప్పున ఆర్పేశాడు.

 వీపు పక్క పుట్టిన నాటి నుంచి అక్కడ ఎవరూ నిజం చెప్పలేదు. చెబితే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. తిప్పేస్వామి గోడ వైపు నుంచి ఇటు తిరిగి, ఇది తన ఉద్యోగంలోకి వస్తుందో రాదో తేల్చుకోలేక గంట కొట్టాడు.

విష్ణువర్ధన్ మైకు లాక్కున్నాడు. కోపంలో మనిషికి నిజమే ముందు వస్తుంది.

“చెల్లదు! ఈ సత్తెం చెల్లదు! వీపు పక్క చేసింది యాడన్నా చెల్లుతాదా? కంటి పక్కకు పోయి చేయల్ల!”

మైకు ఆ మాటను మిట్ట దాకా మోసుకుపోయింది. ఇన్నేళ్లుగా అందరికీ తెలిసి ఎవరూ అననిది, ఊరి పెద్ద లౌడ్‌స్పీకరులో అనేశాడు.  ఆడవాళ్ల వైపు నుంచి యశోదమ్మ లేచింది.

“అట్లయితే అన్నా, చెరువుకు నీళ్లు తెస్తానని ఎలచ్చన్లప్పుడు నువ్వు చేసిన సత్తెం యా పక్క? నాకు గురుతే, ఇదే షామియానా.”

దాంతో తేనెతుట్టె కదిలింది. తాగుడు మానేశానని సత్తెం చేసిన మొగుణ్ణి పెళ్లాం పట్టుకుంది. గట్టు జరపలేదని సత్తెం చేసిన అన్నను తమ్ముడు పట్టుకున్నాడు. పాల కేంద్రంవాడు వెనకనుంచి మెల్లగా లేచి పోబోతుంటే నలుగురు కూర్చోబెట్టారు. అందరూ కలిసి తిప్పేస్వామి మీద పడ్డారు, చెల్లుతుందా చెల్లదా చెప్పమని.

తిప్పేస్వామి గొంతు సవరించుకున్నాడు. “వీపు పక్క చేసింది చెల్లకపోతే ఇన్నేండ్లుగా చేసినవన్నీ చెల్లవు. అందరూ కంటి పక్కకు వచ్చి మళ్ల చేయల్ల. పెద్దోళ్ల నుంచి మొదలుపెడదాం. చెల్లితే, ఇదీ చెల్లినట్టే.”

ఊరి చరిత్రలో ఏ తీర్మానమూ అంత త్వరగా నెగ్గలేదు. రెండు పార్టీలవాళ్లూ కలిసి చేతులెత్తారు. “చెల్లుతాది! చెల్లుతాది!” అని కేకలు మోగాయి. అందరికన్నా ముందు పాల కేంద్రంవాడు అరిచాడు. విష్ణువర్ధన్ ఒకసారి కంటి పక్కకు చూశాడు, ఒకసారి జనాన్ని చూశాడు. “సరే, చెల్లుతాదనుకోండి,” అని మైకు కింద పెట్టాడు. న్యాయం మీద మమకారంతో ఆ పూట ఎవరూ చెయ్యెత్తలేదు. అయినా హనుమక్క చేను హనుమక్కకు దక్కింది. స్వామి అబద్ధాలకోరుల చేతులతో కూడా పని చేయించుకోగలడని తిప్పేస్వామి తర్వాత అందరికీ చెప్పాడు, తన సంగతి వదిలేసి.

జనం చెదిరిపోతుండగా విష్ణువర్ధన్ ఓబుళేసు దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

“నీ సంగతి నేను చూసుకుంటా.”

ఇరవై రెండేళ్లుగా ఓబుళేసుకు కూడు పెట్టిన మాటే అది. ఈసారి అందులో కూడు లేదు. ఓబుళేసు నడుముకున్న జీపు తాళాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

“నీకేంటికి శ్రమలేన్నా. చూసుకునేటోడు ఉండాడు.”

అనడం అయితే అన్నాడు గాని, అన్న జీపు కనుమరుగయ్యేదాకే నిలబడ్డాడు. షామియానా గుంజ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. రేపటి నుంచి పని లేదు. ఇల్లు అన్న స్థలంలో ఉంది. ఈ మండలంలో అన్న కాదన్నవాణ్ణి జీపు నడపమని పిలిచేవాడు లేడు. యశోదమ్మ వచ్చి పక్కన కూర్చుంది. హనుమక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. సగం తాగాడు, సగం మొహాన చల్లుకున్నాడు.

“అక్కా, నాకు సిగ్గయితాండాది. ఇంత చేసీ ఇంకా భయం పోలేదు. నీ మాదిరి ధైర్యం నాకు రాలేదు.”

“నాకు ధైర్యముండాదని నీకెవరు చెప్పినారప్పా?” హనుమక్క అతని ముందు గొంతుక్కూర్చుంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. “బేస్తవారం నుంచి కంటి మీద కునుకు లేదు నాకు. చేను పోతే ఈ మూగజీవాల్ని యాడికి తోలుకుపోదునా అని ఏడ్చినా. నల్లప్ప పోయినప్పటి నుంచీ నాకు భయమే, ఈ పొద్దు కూడా భయమే. ఒక్కదాన్నే ఉండానని మాత్రం ఏపొద్దూ అనుకోలేదు.”